విడుదలకి ముందు పాఠకులతో లైవ్: ఫాంటసీ ప్రేమకథ రాసినవాళ్ళు ఏం చెప్పాలి, ఎంత చెప్పాలి

పర్లాకిమిడి చెల్లెమ్మా, మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. మిగతావాళ్ళకి అర్థం కావడానికి దాన్ని క్లుప్తంగా చెబుతాను. యాప్‌లో సీరియల్‌గా రాసిన ఫాంటసీ ప్రేమకథని మీరు ఇప్పుడు పుస్తకంగా వేస్తున్నారు. మహేంద్రగిరి పక్కన ఒక కొండపల్లె అమ్మాయి, కలలోకి వచ్చి నన్ను పెళ్ళాడమనే పాతాళ రాజు, వాళ్ళిద్దరి గొడవ. పుస్తకం రాకముందే పాఠకులతో ఒక సాయంత్రం లైవ్‌లో మాట్లాడాలనుకుంటున్నారు. కథ ఎంతవరకు చెప్పాలి, రొమాన్స్ ఎంత ఉంటుందని అడిగితే ఏమనాలి, మన కొండల్లోని సవర గిరిజనుల నమ్మకాలు వాడుకున్నారేమని ఎవరైనా నిలదీస్తే ఏం చెప్పాలి, చుట్టాలు కూడా చూస్తారు కదా, ఎలా? ఇవీ మీ టెన్షన్లు. నేనుండేదీ ఒడిశాలోనే, బరంపురంలో. ఇదే రకం నవలలు రాస్తాను, ప్రతి పుస్తకానికీ ముందు ఇలాంటి ముచ్చట పెడతాను. అక్కా అని అడిగారు కాబట్టి మొహమాటం లేకుండానే చెబుతాను.

లైవ్ పెట్టేది పుస్తకాలు అమ్ముకోవడానికే అని అందరూ అంటారు. నేను దాన్ని పెళ్ళిచూపుల్లా చూస్తాను. అవతలివాళ్ళు ‘ఈ సంబంధం మాకు కుదరదండీ’ అని చెప్పగలిగితేనే అవి సవ్యంగా జరిగినట్టు. మీ నవల ఎవరికి నచ్చదో వాళ్ళు ఆ గంటలోనే తప్పుకోవాలి. లేదంటే డబ్బు పెట్టి కొంటారు, సగంలో విసుగొస్తుంది, ఒక్క నక్షత్రం ఇచ్చి ‘యుద్ధాలుంటాయనుకుంటే అన్నీ అలకలే’ అని రాసి పోతారు. అందులో వాళ్ళ తప్పేం లేదు. ఫాంటసీ ప్రేమకథకి రెండు రకాల జనం వస్తారు. కొందరికి ఆ లోకం కావాలి: రాజ్యాలు, శాపాలు, మంత్రాలు, మాయాద్వారాలు. కొందరికి ఆ ఇద్దరూ కావాలి. మీ పుస్తకంలో ఎవరి వాటా ఎంతో మీకు తెలుసు కదా, అది మొదటి ఐదు నిమిషాల్లో మీ నోటితోనే రావాలి. ‘ఇది ఇద్దరి కథ. పాతాళం ఉంది కానీ యుద్ధం ఒక్కటే, అదీ చిన్నదే’ అని చెప్పేయండి. వెళ్ళేవాళ్ళు వెళ్తారు. ఉన్నవాళ్ళు పుస్తకం కొనడమే కాదు, ఇంకో నలుగురికి చెబుతారు.

ఇక ప్రశ్నలు. మొట్టమొదట వచ్చేది ఎప్పుడూ ఇదే: ‘చివర్లో కలుస్తారా అండీ?’ చాలామంది ఇక్కడ ముసిముసిగా నవ్వి ‘చదివి తెలుసుకోండి’ అంటారు. సస్పెన్స్ నవల రాసేవాళ్ళు అనొచ్చు. ప్రేమకథ రాసేవాళ్ళు అనకూడదు. అమెరికాలోని రొమాన్స్ రచయితల సంఘం ఇచ్చిన నిర్వచనంలో ఉన్నవే రెండు ముక్కలు: కథకి కేంద్రం ప్రేమ కావాలి, ముగింపు ఆశగా, మనసుకి తృప్తిగా ఉండాలి. అక్కడి పాఠకులకి అడగాల్సిన పనే ఉండదు, అట్ట మీద ‘రొమాన్స్’ అని ఉంటే చాలు. మన దగ్గర అలాంటి ఒప్పందం ఎవరూ చేసుకోలేదు. పైగా మనం విని పెరిగినవి ఎలాంటివి? ఊర్వశి పురూరవుణ్ణి షరతుల మీద చేసుకుంటుంది, షరతు తప్పగానే మాయమైపోతుంది. శాపం తీరితే అప్సరస పైకి, మనిషి కిందికి. అందుకే వేరే లోకపు వరుడనగానే తెలుగు పాఠకురాలికి ముందు వచ్చేది భయమే: వీడు చివర్లో వెళ్ళిపోతాడేమో, నన్ను ఏడిపించి వదిలేస్తారేమో. ‘కలుస్తారు, నాదీ హామీ’ అని చెబితే మీ కథలో గుట్టు ఏమీ పోదు. కలవడానికి ఎవరు ఏం వదులుకున్నారు అన్నదే మీ గుట్టు. దాన్ని మాత్రం ఎంత బతిమాలినా విప్పకండి. ఒకవేళ మీ కథలో కలవకపోతే, అప్పుడు దాన్ని ప్రేమకథ అని పిలవడం మానేసి ‘పాతాళంలో జరిగే విషాద కథ’ అనండి. విషాదాంతాలకీ చదివేవాళ్ళున్నారు. కానీ వాళ్ళు వేరే మనుషులు.

‘ఒకటే పుస్తకమా, భాగాలా?’ అన్నది రెండోది. దీనికి జవాబు ఒక్క వాక్యంలో అయిపోవాలి. భాగాలైతే మొదటి భాగం ఏ మలుపు దగ్గర ఆగుతుందో సూచనగా చెప్పండి, రెండోది రాశారా లేదా అన్నది నిజం చెప్పండి. యాప్‌లో సశేషం, సశేషం అని ఏళ్ళ తరబడి ఆగిపోయిన సీరియళ్ళు చూసి చూసి జనం విసిగిపోయి ఉన్నారు.

రొమాన్స్ మోతాదు గురించి. ఇది ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు. సిగ్గుపడుతూ అడిగేవాళ్ళుంటారు, మిమ్మల్ని సిగ్గుపడేలా చేద్దామని అడిగేవాళ్ళూ ఉంటారు. ఇద్దరికీ ఒకే గొంతుతో, పుస్తకం ధర చెప్పినంత మామూలుగా జవాబివ్వండి. ‘ముద్దు వరకు రాశాను, ఆ పైన మీ ఊహకి వదిలేశాను’ అనో, ‘పడకగది సన్నివేశాలు రెండున్నాయి, పద్దెనిమిది నిండినవాళ్ళకే’ అనో. యాప్‌లో మీ సీరియల్ చదివినవాళ్ళలో పదో తరగతి పిల్లలూ ఉంటారు, ఇంటర్ పిల్లలూ ఉంటారు. వాళ్ళు పుస్తకం కొని ఇంటికి తీసుకెళ్తే వాళ్ళమ్మ తెరిచి చూస్తుంది. ఆ తల్లికి ముందే తెలియాల్సిన సంగతి మీరు దాచకూడదు. గొంతు మార్చకుండా చెబితే వెటకారగాళ్ళు రెండో ప్రశ్న వెయ్యరు. వాళ్ళకి కావాల్సింది జవాబు కాదు, మీ తడబాటు.

ఇప్పుడు అసలు కష్టమైనదానికి వస్తాను. మీరు దీన్ని మూడో ప్రశ్నగా అడిగారు గానీ, నా దృష్టిలో మీ లైవ్ మొత్తం దీని మీదే నిలబడుతుంది.

మీ కథ బీజం ఎక్కడిదో ఇటువైపు వాళ్ళందరికీ తెలియకపోయినా తెలిసినవాళ్ళు కొందరుంటారు. గజపతి, రాయగడ జిల్లాల సవర పల్లెల గురించి గిరిజనుల జీవితాల్ని పరిశోధించిన వెరియర్ ఎల్విన్ 1955లో పెద్ద పుస్తకం అచ్చువేశాడు. ఆయన కురన్‌బోయి అని రాసిన పూజారిణులకి పాతాళంలో ఒక భర్త ఉంటాడు. అమ్మాయి వయసుకి వచ్చే వేళకి కలలో వస్తాడు, చేసుకోమంటాడు. ఆమె మొదట కాదంటుంది. కాదన్నాక జబ్బు చేస్తుంది, మతి చలించినట్టు తిరుగుతుంది. చివరికి ఒప్పుకుంటే పెళ్ళి జరుగుతుంది, ఆమె నోట పూర్వీకులు పలకడం మొదలవుతుంది. పాతాళంలో ఆ భర్తతో పిల్లలు కూడా పుడతారు. భూమ్మీద ఇంకొకరిని చేసుకోవడానికి దీనివల్ల అడ్డేమీ లేదు. 1970ల నుంచి ఆ పల్లెల్లో ఉండి రాసిన పరిశోధకుడు పియర్స్ విటెబ్‌స్కీ కూడా ఇదే వివరంగా చెప్పాడు. చనిపోయినవాళ్ళు ఆమె నోట మాట్లాడుతుంటే బతికున్నవాళ్ళు చుట్టూ కూర్చుని వాళ్ళతో ఏడుస్తారు, దెబ్బలాడతారు, లెక్కలు తేల్చుకుంటారు. ఇంత గొప్ప సామగ్రి చేతికి దొరికితే ఏ ప్రేమకథ రచయిత వదులుకుంటుంది? మీరు వాడుకున్నారంటే నాకేం ఆశ్చర్యం లేదు.

అయితే ఇందులో రెండు ముళ్ళున్నాయి.

మొదటిది ప్రేమకథకి సంబంధించినది. కాదన్నందుకు జబ్బు చేయించి ఒప్పించిన వరుణ్ణి హీరో అంటామా? ఈనాటి పాఠకురాలు సూటిగా అడుగుతుంది: ‘అది ప్రేమా, బలవంతమా?’ ఈ ప్రశ్న వస్తే ‘అది ఫాంటసీ కదండీ’ అని తప్పించుకోవద్దు. ఆ ఒక్క మాటతో మంచి పాఠకులు జారిపోతారు. మీరు యాప్‌లో పెట్టిన భాగాలు నేను కొంత చూశాను. మీ అమ్మాయికి జబ్బు చేసినప్పుడు ఆ జబ్బు అతని పని కాదని, తను వద్దన్న వెంటనే అతను రావడం మానేశాడని, జబ్బుకి కారణం వేరే ఉందని మీరు రాశారు. ఆ మార్పు చాలా మంచిది. దాన్ని లైవ్‌లో బయటపెట్టండి. ‘ఆమె వద్దంటే అతను ఆగుతాడు. మళ్ళీ పిలిచేది ఆమే’ అంటే చాలు. ఇది గుట్టు విప్పడం కాదా అని మీకు అనుమానం రావచ్చు. విప్పడమే. అయినా చెప్పండి. సగం మంది ఆ ఒక్క హామీ కోసమే పుస్తకం కొంటారు.

రెండోది మనుషులకి సంబంధించినది. సవరలు మన కథల్లో గంధర్వుల్లాంటి వాళ్ళు కాదు. మీ ఊరి సంతకొచ్చి పసుపు, చింతపండు అమ్మే మనుషులు. వాళ్ళ పిల్లలు మీ ఊళ్ళోనే కాలేజీలో చదువుతున్నారు, వాళ్ళ చేతుల్లోనూ ఫోన్లున్నాయి, మీ లైవ్ వాళ్ళకీ కనిపిస్తుంది. వాళ్ళలో చాలామంది ఇప్పుడు క్రైస్తవులు. 1936లో మంగేయ్ గొమాంగో సవర భాషకి సొరాంగ్ సొంపెంగ్ అనే లిపి తయారుచేశాడు, ఆ అక్షరాలనే పూజించే సవరలు కూడా ఉన్నారు. అందుకని ‘సవరలు ఇలా నమ్ముతారు’ అని ఒకే మూసలో ఎప్పుడూ మాట్లాడకండి. ‘ఎల్విన్ తన కాలంలో చూసి రాసినదాని నుంచి నాకు ఈ ఊహ వచ్చింది, నా కథలో తెగ కల్పితం, పేర్లు కల్పితం’ అనండి. పేర్లు నిజంగానే మార్చండి కూడా. సోనుమ్ అంటే వాళ్ళకి ఆత్మ, చనిపోయిన పూర్వీకులూ సోనుమ్‌లే. ఆ పేరు తీసుకెళ్ళి మీ కథలో రక్తం తాగే భూతానికి పెట్టారనుకోండి, తాతముత్తాతల్ని దయ్యాలని చేసినట్టే. మొదటి పేజీలో ‘ఎవరినీ ఉద్దేశించినది కాదు’ అని చిన్నక్షరాల్లో అచ్చువేస్తే ఈ లెక్క తీరదు. అచ్చుకి వెళ్ళేముందే, ఆ భాష మాట్లాడే చదువుకున్న పిల్ల ఎవరైనా ఉంటే చదివించండి, చదివినందుకు డబ్బివ్వండి. ఆ అమ్మాయి ఇష్టపడితే లైవ్‌లో కూడా కూర్చోబెట్టండి. ఇష్టపడకపోతే మాత్రం ఆమె పేరు ఎత్తొద్దు. ‘మా సవర స్నేహితురాలు బాగుందంది’ అని సర్టిఫికెట్‌లా చూపించడం నాకు అసలు నచ్చదు.

కవర్ సంగతి కూడా ఇక్కడే చెబుతాను, ఎందుకంటే లైవ్‌లోనే దాన్ని మొదటిసారి చూపిస్తానన్నారు. బొమ్మ వేసినవాళ్ళు గోడ మీద గీసే సవర బొమ్మల తీరు వాడారని రాశారు. ఆ బొమ్మల్ని ఇడితాల్ అంటారు. అవి మొదట అలంకారం కాదు, ఒక ఆత్మ కోసమో పూర్వీకుడి కోసమో గోడ మీద కట్టిన ఇల్లు లాంటివి. వేసేటప్పుడు పూజ ఉంటుంది. ఇప్పుడు చీరల మీదా కప్పుల మీదా కూడా వస్తున్నాయి, నిజమే. కానీ 2024 జనవరిలో లాంజియా సవర (సవరల్లో ఒక శాఖ) చిత్రాలకి భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) కూడా వచ్చింది, కాబట్టి ఈ ప్రశ్న రావడానికి ఎక్కువ అవకాశం ఉంది. ఆ తీరు ఉండాలనే అనుకుంటే సవర చిత్రకారులతోనే వేయించి, అట్ట లోపల వాళ్ళ పేరు వేయండి. లేదంటే మహేంద్రగిరి మబ్బులు, కొండ వాలు, అమ్మాయి వీపు వెనక నీడ... ఇంతకన్నా ఏం కావాలి? పాతాళమంటే అందరూ పాములూ కపాలాలూ వేస్తున్నారు, నాకైతే విసుగొచ్చేసింది.

మీ మాయకి నియమాలేమిటి, అన్ని శక్తులున్న రాజు ఎందుకు కష్టపడతాడు లాంటి ప్రశ్నలు ఆ లోకం కోసం వచ్చిన జనం వేస్తారు. అతని బలానికి హద్దు ఒకటి చెప్పండి, అది దాటితే ఏం పోతుందో చెప్పండి. అంతకుమించి పటాలు, వంశవృక్షాలు విప్పి కూర్చోవద్దు. వింటున్నవాళ్ళు కామెంట్ల పెట్టెలో వేరే కబుర్లు మొదలుపెడతారు.

సరిహద్దు జిల్లాల్లో ఉన్న మనకి ఇంకో ప్రత్యేకమైన చిక్కుంది. హైదరాబాద్, విజయవాడ రచయితలకి ఇది తట్టదు. బరంపురం, గుణుపురం, పర్లాకిమిడి, రాయగడ... ఈ ఊళ్ళలో ఇంట్లో తెలుగు మాట్లాడుతూ బడిలో ఒడియా చదువుకున్నవాళ్ళు ఎందరో. వాళ్ళకి మీ కథ పూర్తిగా అర్థమవుతుంది, అక్షరం మాత్రం చదవలేరు. అలాంటివాళ్ళు మీ లైవ్‌కి తప్పకుండా వస్తారు, ఎందుకంటే మన ఊరి పిల్ల పుస్తకం రాసింది కదా అన్న సంబరం వాళ్ళకే ఎక్కువ. అందుకని ఒక భాగం చదివి వినిపించడాన్ని ముక్తాయింపుగా చివర్లో పెట్టకండి. మధ్యలో, జనం నిండుగా ఉన్నప్పుడు పెట్టండి. ఆ ఐదారు నిమిషాలే వాళ్ళకి మీ పుస్తకం. అది విని వాళ్ళు కొంటారు, ఇంట్లో చదవగలిగిన అత్తచేతో అమ్మమ్మచేతో చదివించుకుంటారు. ఆడియో వస్తుందా అని అడుగుతారు, దానికి జవాబు సిద్ధంగా ఉంచుకోండి.

ఏ భాగం చదవాలి? మొదటి ముద్దు కాదు, వర్ణనలు అసలే కాదు. ఇద్దరూ మొదటిసారి పోట్లాడుకునే చోటు చదవండి. మీ అమ్మాయి ‘నానొల్లను పో’ అనేసే ఆ ఘట్టం ఉంది చూడండి, అదీ. రాజుగారు గ్రాంథికంలో దండకం చదువుతుంటే ఆమె కొండపల్లె తెలుగులో తెగేసి చెప్పడం వింటే నవ్వు, ఇష్టం రెండూ పుడతాయి. మీరు రాసిన ఇంకో మాట: ఆ యాస చూసి ‘శుభ్రమైన తెలుగు రాయొచ్చు కదా’ అని ఎవరైనా అంటారేమోనని భయం. అంటారు. వ్యవహారిక భాష కోసం జీవితమంతా పోరాడిన గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పింది మీ ఊళ్ళోనే. సవర భాష నేర్చుకుని దానికి నిఘంటువు కూర్చిందీ ఆయనే. 1936లో పర్లాకిమిడి ఒడిశాలో కలిసినప్పుడు ఊరు విడిచి వెళ్ళారు. ఆ ఊరి అమ్మాయి పుస్తకానికి యాస గురించి సంజాయిషీ చెప్పుకోవడం ఏమిటి? నవ్వేసి తర్వాతి ప్రశ్నకి వెళ్ళండి. ఒక్కటి మాత్రం సరిచూసుకోండి: యాస మాట్లాడేవాళ్ళంతా అమాయకులు, గ్రాంథికం మాట్లాడేవాళ్ళంతా తెలివైనవాళ్ళు అయిపోయారా మీ కథలో? అలా అయితే ఆ విమర్శలో న్యాయం ఉంటుంది.

చదివేముందు బిగ్గరగా ఇంట్లో సాధన చేయండి. మీ సొంత వాక్యమే మీ నాలుకకి అడ్డం పడితే, ఆ వాక్యాన్ని పుస్తకంలోనే మార్చాలి.

లైవ్ ఎక్కడ పెట్టాలన్న ప్రశ్నకి నా జవాబు యూట్యూబ్. కారణం ఒక్కటే, లైవ్ అయ్యాక అది అక్కడే ఉంటుంది. మనవాళ్ళు సూరత్‌లో మరమగ్గాల మీద పన్నెండు గంటల షిఫ్టులు చేస్తుంటారు, రాత్రి పని నుంచి వచ్చి మర్నాడు పొద్దున చూస్తారు. అయితే ఫోన్ నుంచి లైవ్ ఇవ్వాలంటే ఛానల్‌కి కనీసం 50 మంది సబ్‌స్క్రైబర్లు ఉండాలి, మొదటిసారి లైవ్ తెరవడానికి 24 గంటల దాకా పట్టొచ్చు. ఆ పని వారం ముందే చేసుకోండి. చిన్న బృందంతో ముఖాముఖి కావాలంటే గూగుల్ మీట్ ఉంది కానీ ఉచితంగా వాడితే ముగ్గురు, అంతకన్నా ఎక్కువమంది ఉన్నప్పుడు గంటకి ఆగిపోతుంది, జూమ్ అయితే 40 నిమిషాలే. వాట్సాప్ గ్రూపు మాత్రం పెట్టొద్దు. గ్రూపులో చేరిన ప్రతి ఒక్కరికీ మిగతా అందరి నంబర్లూ కనబడతాయి. మీ పాఠకుల్లో ఎక్కువమంది ఆడవాళ్ళు. ప్రేమకథ చదివిన పాపానికి వాళ్ళకి అర్ధరాత్రి ‘హాయ్’ మెసేజీలు రావడం ఎందుకు? ప్రకటనల కోసమే అయితే వాట్సాప్ ఛానల్ పెట్టుకోండి, అందులో ఒకరి నంబరు ఇంకొకరికి కనబడదు.

తేదీ గురించి. అక్టోబరు వద్దు. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుపాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది, 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర దాటి మీ గజపతి జిల్లాని ఎలా చేసిందో మీకు నేను చెప్పక్కర్లేదు. అంత పెద్ద తుపాను రాకపోయినా ఆ నెలంతా కరెంటుకీ నెట్‌కీ భరోసా ఉండదు. మా బరంపురం అమ్మవారి జాతర ఠాకురాణి యాత్ర ఉన్న ఏడాది చైత్రంలో పెడితే బరంపురం నుంచి ఒక్కరూ రారు, నేనూ రాను. ఆదివారం రాత్రి ఎనిమిదిన్నర మంచి సమయం. ఇంటి వైఫై ఒకటి, వేరే కంపెనీ సిమ్‌తో ఇంకో ఫోను, ఛార్జింగ్ నిండుగా. వెనకాల సినిమా పాట పెట్టకండి. మూడ్ కోసం పెట్టాననుకుంటారు మీరు, కానీ కాపీరైట్ అని యూట్యూబ్ మధ్యలోనే లైవ్ ఆపేసే ప్రమాదం ఉంది.

కామెంట్లు చూడటానికి మీరు కాకుండా ఇంకొకరు ఉండాలి, మీ తమ్ముడో స్నేహితురాలో. వాళ్ళని మోడరేటర్‌గా పెట్టండి, ఒకరు వరసగా రాయకుండా స్లో మోడ్ పెట్టండి, బూతు మాటలు కొన్నింటిని ముందే నిషేధించండి. తెలుగు బూతుల్ని ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తారు, ఆ స్పెల్లింగులన్నీ చేర్చాలి (ఈ జాబితా తయారుచేయడం ఒక తమాషా సాయంత్రం, తమ్ముణ్ణి మాత్రం పిలవకండి). సీరియల్ చదివేసినవాళ్ళు ముగింపు కామెంట్లో రాసేస్తారన్నది ఇంకో బెడద. వాళ్ళ నోరు మూయించాలని చూస్తే నొచ్చుకుంటారు, మొదట మిమ్మల్ని నిలబెట్టింది వాళ్ళే. మొదలుపెట్టగానే వాళ్ళని పలకరించి, పుస్తకంలో యాప్‌లో లేనిది ఏముందో వాళ్ళకే చెప్పండి: కొత్త అధ్యాయాలు, మారిన ముగింపు, తీసేసిన పాత్ర. ఏమీ మార్చకపోతే ఏమీ మార్చలేదనే చెప్పండి, అచ్చు కాపీ ఇంట్లో ఉండాలనుకునేవాళ్ళు ఎలాగూ కొంటారు. ‘కథ తెలిసినవాళ్ళు కాపలా ఉండాలి, కొత్తవాళ్ళకి ఎవరూ చెప్పకూడదు’ అని వాళ్ళకే పని అప్పగిస్తే, ఎవరైనా గుట్టు విప్పబోతే మీకన్నా ముందు వాళ్ళే మీద పడతారు.

చుట్టాల సంగతి. పిన్ని వస్తుంది. ‘ఇవన్నీ నీకెలా తెలుసే?’ అని అందరిముందూ రాస్తుంది, పక్కన నవ్వు బొమ్మలు రెండు. మీ ఆయన్నో, పెళ్ళి కాకపోతే రాబోయేవాణ్ణో కథలోకి లాగుతారు. దీనికి వివరణ ఇవ్వడం మొదలుపెట్టారంటే పుస్తకం పక్కకి పోయి మీ సంసారం చర్చకొస్తుంది. ‘హత్యల నవలలు రాసేవాళ్ళని ఇలాగే అడుగుతావా పిన్నీ’ అని నవ్వుతూ అనేసి ముందుకి వెళ్ళండి. ఇంట్లో నిజంగా ఇబ్బంది ఉంటే కలం పేరుతో, ముఖం చూపించకుండా గొంతుతోనే లైవ్ ఇవ్వండి, తెర మీద కవర్ పెట్టి. అలా చేసేవాళ్ళున్నారు, పాఠకులు తప్పుపట్టరు. ఐఎస్‌బీఎన్ (పుస్తకానికి ఇచ్చే గుర్తింపు సంఖ్య) కోసం రాజా రామ్మోహన్ రాయ్ సంస్థకి దరఖాస్తు పెట్టేటప్పుడు అసలు వివరాలివ్వాలి, అది ఉచితమే, మధ్యలో ఎవరైనా దానికి డబ్బడిగితే ఇవ్వకండి. పుస్తకం మీద మాత్రం కలం పేరే ఉండొచ్చు.

చివరగా ముందస్తు ఆర్డర్లు. లైవ్‌లో ఉత్సాహం మీద జనం చిరునామాలు కామెంట్లలోనే రాసేస్తారు, మోడరేటర్ అవి వెంటనే తీసేయాలి. గూగుల్ ఫారం లింకు ఒకటి పైన అంటించి పెట్టండి. పోస్టేజీ ముందే లెక్క చూసుకోండి. 2025లో రిజిస్టర్డ్ పోస్టు స్పీడ్ పోస్టులో కలిసిపోయింది, కాబట్టి పాత ఖర్చులు పట్టుకుని ‘తపాలా ఉచితం’ అనేస్తే మీ చేతి డబ్బు పోతుంది. 2025 మేలో పుస్తకాల కోసం జ్ఞాన్ పోస్ట్ అని చవక సర్వీసు మొదలైంది కానీ ఏ పుస్తకాలు పంపొచ్చన్నదానికి నిబంధనలున్నాయి. నమూనా కాపీ పట్టుకెళ్ళి మీ పోస్టాఫీసు కౌంటర్లో చూపించి, తూకం వేయించి, ఆ తర్వాతే పోస్టేజీ ప్రకటించండి. పుస్తకాల మీద జీఎస్టీ లేదు, ఆ పేరుతో ప్రెస్సువాళ్ళు బిల్లులో ఏమైనా కలిపితే అది కాగితానికా, అచ్చుపనికా అని విడిగా రాయించుకోండి. విడుదల తేదీ మాత్రం బైండింగ్ అయిన మొదటి కట్ట ఇంటికొచ్చేదాకా ఎవరికీ చెప్పొద్దు, ప్రెస్సాయన ఎంత గట్టిగా మాటిచ్చినా సరే. ‘వచ్చే నెల’ అంటే చాలు. లైవ్ ఎప్పుడో ఖాయమయ్యాక ఇక్కడే రాయండి, ఠాకురాణి యాత్ర లేకపోతే నేనూ వస్తాను. పాతాళ రాజుకి పేరు ఇంకా పెట్టలేదన్నారు కదా, పిలవడానికి వీలైన పేరు పెట్టండి. ఐదక్షరాలు దాటితే పాఠకులు సొంతంగా ముద్దుపేరు పెట్టేసుకుంటారు, అది మీకు నచ్చకపోవచ్చు.